కత్తెర కోసం ఫోటో తీయడం: కాగితమూ ఫోటోలూ కలిపి కొల్లాజ్ చేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

కొల్లాజ్ చేయాలనుకున్నవాళ్ళు ఎక్కువమంది ముందు ఫోన్ గ్యాలరీ తెరుస్తారు, ఉన్నవాటిలో బాగా వచ్చిన ఫోటోలు ఏరి ప్రింట్ తీయించుకుని కత్తెర పట్టుకుంటారు, అక్కడే పని చెడిపోద్ది. బాగా వచ్చిన ఫోటో అంటే దాని ఫ్రేమ్, దాని వెలుతురు, దాని బ్యాక్‌గ్రౌండ్ అన్నీ కలిసి అప్పటికే కుదిరిపోయిన బొమ్మ, దాంట్లోంచి ఒక మనిషిని కోసి బయటికి తీస్తే ఆ మనిషి ఎక్కడా నిలబడడు. కొల్లాజ్ కోసం తీసే ఫోటో వేరు. అది ముడిసరుకు. విడిగా చూస్తే చప్పగా ఉంటది, ఎవరికీ పంపబుద్ధి కాదు, కానీ కోస్తే పనికొస్తది. ఈ గైడ్ అంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుద్ది కాబట్టి ఫోటోలు తీసే దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను, మిగతా కొన్ని చోట్ల గబగబా వెళ్ళిపోతాను.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఏ3 సైజులో, అంటే 297 బై 420 మిల్లీమీటర్లలో, ఒక మార్కెట్ బొమ్మ. నేను బెజవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ అనుకుని రాస్తున్నాను, మీరు మోండా మార్కెట్ అనుకోండి, మీ ఊరి సంత అనుకోండి, ఏదైనా ఒకటే.

1. ముందు ఒక వాక్యం, ఒక సైజు

కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. "మార్కెట్" అని రాస్తే అది వాక్యం కాదు, దాంతో ఏదైనా చేయొచ్చు కాబట్టి ఏదీ తేలదు. "పూలమ్మే ఆవిడ కూర్చున్న చోటు కంటే ఆవిడ ముందున్న పూలగుట్ట పెద్దది" అని రాస్తే మీకు ఏ ఫోటోలు కావాలో, ఏది పెద్దగా ప్రింట్ తీయాలో అప్పుడే తెలిసిపోద్ది. సైజు కూడా ఇప్పుడే తేల్చుకోండి. మొదటిసారికి ఏ3 సరిపోద్ది, ఏ4లో వేళ్ళకి చోటు చాలదు, అంతకంటే పెద్దదైతే జిగురు ఆరేలోపు చేతులు చాలవు.

2. కోయడానికి ఫోటోలు తీయడం

వెలుతురు ముందు చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే కళ్ళ కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, ఆ నీడలు మనిషితో పాటే కోసుకొస్తాయి, తర్వాత ఎక్కడ అంటించినా ఆ ఎండ అక్కడ లేదని కన్ను పట్టేస్తది. మబ్బు పట్టిన రోజు, లేదా పందిరి నీడలో, టార్పాలిన్ కింద పరుచుకున్న వెలుగులో తీయండి. ఒకవేళ ఎండలోనే తీయాల్సి వస్తే వెలుతురు ఎడమ నుంచి వస్తుందా కుడి నుంచి వస్తుందా అని ప్రతి ఫోటోకీ గుర్తు పెట్టుకోండి, ఒక బొమ్మలోకి ఒకవైపు వెలుతురు ఉన్నవే తీసుకోండి. కంప్యూటర్‌లో అద్దంలోలా తిప్పితే వైపు మారుద్ది కదా అంటారా, మారుద్ది, కానీ బోర్డుల మీద అక్షరాలు, చీర పైట వేసిన భుజం కూడా తిరగబడతాయి. మన ఊళ్ళో పైట తప్పు భుజం మీద ఉంటే ఎవరైనా కనిపెడతారు.

రెండోది, కెమెరా ఎత్తు. పూలావిడని నిలబడి పైనుంచి తీసి, మూటలు మోసే అతన్ని కూర్చుని కింద నుంచి తీస్తే ఆ ఇద్దరూ ఒకే నేల మీద ఉన్నట్టు ఎప్పటికీ కనపడరు. కావాలనే అలా చేస్తే అది వేరే సంగతి. ఇంగ్లండ్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1986లో పియర్‌బ్లాసమ్ హైవే కొల్లాజ్ చేసినప్పుడు ఒక రోడ్డు సీన్‌ని ఒకచోట నిలబడి తీయలేదు, వందల ఫోటోలు విడివిడిగా తీశాడు, రోడ్డు పక్కన స్టాప్ బోర్డుని ఎదురుగా తీయడానికి నిచ్చెన కూడా ఎక్కాడు, అందుకే ఆ బొమ్మలో దూరంగా ఉండాల్సినవి కూడా మన మొహం మీదకి వచ్చినట్టుంటాయి. ఆయన ఎత్తులు మార్చింది లెక్క తెలిసే. మనం మొదటిసారికి ఒకే ఎత్తులో, కళ్ళకి ఎదురుగా తీసుకుందాం.

మూడోది, మొత్తం మనిషి కావాలి. మామూలుగా ఫోటో తీసేవాళ్ళు మొహం మీద ధ్యాస పెట్టి పాదాలు వదిలేస్తారు. కొల్లాజ్‌లో పాదాలు లేకపోతే ఆ మనిషిని ఫ్రేమ్ అంచుకి ఆనించి పెట్టడమో, ఏదైనా వెనక దాచడమో తప్ప దారి లేదు. కాబట్టి తల పైన జానెడు, పాదాల కింద జానెడు ఖాళీ వదిలి తీయండి. చేతులు విడిగా తీయండి, దండ కట్టే చేతులు, చిల్లర లెక్కపెట్టే చేతులు. చేతులు ఎన్ని ఉన్నా చాలవు.

నాలుగోది, అంచు. నల్లటి జుట్టు నల్లటి గోడ మీద ఉంటే కత్తెర ఎక్కడ నడవాలో మీకే తెలియదు. మనిషిని ఒక్క అడుగు పక్కకి జరగమనండి, వెనక లేతరంగు గోడో ఆకాశమో వచ్చేట్టు. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, అది జుట్టునీ చెవుల్నీ తనకి తోచినట్టు మసక చేసేస్తది, ఆ మసక ప్రింట్‌లో మురికిలా కనిపిస్తది. అల్ట్రావైడ్ వద్దు, అంచుల్లో మనుషులు సాగిపోతారు. మామూలు లెన్స్‌తో, వీలైతే రెండింతల జూమ్‌తో, రెండడుగులు వెనక్కి జరిగి తీయండి. కెమెరా ఉన్నవాళ్ళు అపర్చర్‌ని, అంటే లెన్స్ లోపల వెలుతురు వచ్చే కన్నాన్ని, ఎఫ్/8 దగ్గర పెట్టుకుంటే ముక్కు నుంచి జడ దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి.

చివరగా, ఏమీ లేని ఫోటోలు తీయండి. షట్టర్ రేకు, తడిసిన గోనెసంచి, నీలం టార్పాలిన్, సున్నం ఊడిన గోడ, తడి నేల. వీటిని గోడకి ఎదురుగా, కెమెరా వంగకుండా, ఫ్రేమ్ అంతా అదే నిండేట్టు తీయాలి. కొల్లాజ్‌లో సగం పైగా చోటు నిండేది వీటితోనే, జనం మాత్రం ఇవి తీయకుండా ఇంటికొచ్చేసి తర్వాత రంగుకాగితం కోసం వెతుక్కుంటారు.

మనుషుల్ని తీసేముందు అడగండి. "అమ్మా, మీ ఫోటో కోసి ఒక బొమ్మలో పెడతాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నవ్వుతారు, ఒప్పుకుంటారు, కొందరు వద్దంటారు, వద్దన్నవాళ్ళని వదిలేయండి. బొమ్మ అయ్యాక ఒక ప్రింట్ తీసుకెళ్ళి ఇస్తే మళ్ళీసారి వెళ్ళినప్పుడు ఆ వరసలో వాళ్ళంతా పిలిచి మరీ నిలబడతారు.

3. పాత ఇంటి ఫోటోలు వాడాలంటే

అసలు ప్రింట్ మీద కత్తెర పెట్టొద్దు, ఎంత పాడైపోయినా సరే. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేయండి. నాలుగు బై ఆరు అంగుళాల ఫోటోని అలా స్కాన్ చేస్తే 2400 బై 3600 పిక్సెల్స్ వస్తాయి, దాన్ని రెండింతల సైజులో ప్రింట్ తీసినా వివరం పోదు. తాతగారి ఫోటో ఫ్రేమ్ అద్దానికి అంటుకుపోయి ఉందనుకోండి, తేమకి మన వైపు చాలా ఇళ్ళల్లో జరిగేదే, దాన్ని పీకొద్దు, పైపొర అద్దంతోనే ఊడిపోద్ది. అద్దంతో సహా, కిటికీకి పక్కగా పెట్టి, మీరు నల్ల చొక్కా వేసుకుని ఫోటో తీసుకోండి, మీ నీడ అద్దంలో పడదు.

4. కాగితాలు పోగేయడం

పాత పేపర్ల కొట్టు, కోఠి అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలు, ఇంట్లో బీరువా మీద పెళ్ళికార్డుల కట్ట, బస్ టికెట్లు, పాత ఖాతా పుస్తకాల ఎర్రగీతల కాగితాలు, కిరాణా బిల్లులు, అగర్‌బత్తీ డబ్బాల లోపలి పొర. మన దగ్గర కాగితానికి కరువు లేదు. ఏది ఎంతకాలం ఉంటుందనేదే చూసుకోవాలి. న్యూస్‌పేపర్‌లో చెక్క గుజ్జులోని లిగ్నిన్ అలాగే ఉండిపోద్ది, వెలుతురూ గాలీ తగిలితే పసుపు, తర్వాత గోధుమ రంగు తిరిగి పెళుసుబారుద్ది. ఆ రంగే కావాలంటే పర్లేదు, కానీ అది పక్కనున్న తెల్ల కాగితాన్ని కూడా మరక చేస్తది. అక్షరాలు మాత్రమే కావాలనుకుంటే ఆ పేజీని మంచి కాగితం మీద జిరాక్స్ తీసి ఆ కాపీ వాడండి. బస్ టికెట్లు, సూపర్‌మార్కెట్ బిల్లులు ఇప్పుడన్నీ థర్మల్ కాగితమే, కొన్నాళ్ళకి అచ్చు మాయమై తెల్లబడతాయి, వాటినీ జిరాక్స్ చేయాల్సిందే.

పాత చందమామలు దొరికితే కోయకండి దయచేసి. దేవుళ్ళ క్యాలెండర్ల సంగతి మీ ఇంట్లో వాళ్ళతో తేల్చుకోండి, నేనైతే అంచుల్లో ఉండే పూలతీగలు, తోరణాలు తీసుకుని మొహాలు వదిలేస్తాను, దాంతో ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇంకొకటి, బొమ్మలే పోగేయకండి, ఉత్త రంగులూ పోగేయండి. బినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్‌లో పెద్ద పెద్ద కుడ్యచిత్రాలు వేసినాయన, 1957 నాటికి చూపు పూర్తిగా పోయింది, ఆ తర్వాత రంగుకాగితాలు కత్తిరించి అంటించి బొమ్మలు చేశాడు. ఆ కాగితం ముక్కల్లో ఒక్క వివరం ఉండదు, ఆకారం మాత్రమే, అయినా మనిషి కూర్చున్నాడో వంగాడో తెలిసిపోద్ది. ఫోటో ముక్కల మధ్య అలాంటి చదునైన రంగు ఒకటి రెండు చోట్ల ఉంటేనే కంటికి ఊపిరాడుద్ది. పెళ్ళికార్డు లోపలి ఎరుపు ఈ పనికి భలే సరిపోద్ది.

5. ప్రింట్లు

ఇక్కడే డబ్బులు వృథా అవుతాయి కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

ఫోటో స్టూడియోలో ఇచ్చే మెరిసే ప్రింట్ కొల్లాజ్‌కి అంత మంచిది కాదు. దానికి రెండువైపులా ప్లాస్టిక్ పొర ఉంటది, నీటి జిగురు లోపలికి ఇంకదు, మందంగా ఉండి అంచు తెల్లగా లేచి కనిపిస్తది. తప్పదనుకుంటే వెనకవైపు సన్న ఉప్పుకాగితంతో గరుకు చేసి అంటించండి.

ఇంక్‌జెట్ ప్రింట్ రంగులు బాగుంటాయి, కానీ ఎక్కువ ఇళ్ళల్లో ఉండే ప్రింటర్లలో డై ఇంక్ ఉంటది, తడి తగిలితే పారిపోద్ది. పిగ్మెంట్ ఇంక్ అయితే నిలబడుద్ది. మీదేదో తెలియకపోతే ఒక ముక్క ప్రింట్ తీసి ఒక రోజు ఆరనిచ్చి తడివేలితో రుద్దండి, వేలికి రంగంటితే ఆ ప్రింట్ మీద నీటి జిగురు వాడకూడదని అర్థం.

నా ఓటు లేజర్ ప్రింట్‌కి, అంటే మన జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్‌కి. టోనర్ అంటే ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి పట్టుకుంటది, నీళ్ళకి కదలదు. మామూలు 75 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) కాగితం మీద తీస్తే పొరలు పొరలుగా వేయడానికి పల్చగా ఉంటది, ముఖ్యమైన మనిషిని మాత్రం 100 లేదా 120 మీద తీయించుకోండి, లేకపోతే కింద ఉన్న అక్షరాలు మొహంలోంచి తొంగి చూస్తాయి.

ఫైల్ పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేకపోతే అది కుదించేస్తది. 4000 బై 3000 పిక్సెల్స్ ఉన్న మామూలు ఫోన్ ఫోటో, అంగుళానికి 300 చొప్పున అయితే, 34 బై 25 సెంటీమీటర్ల దాకా స్పష్టంగా వస్తది, మన ఏ3కి అది చాలు.

ఇప్పుడు అసలు కిటుకు: ముఖ్యమైన ప్రతి ఫోటోనీ మూడు సైజుల్లో తీయించండి. ఒకటి అనుకున్న సైజు, ఒకటి దానికి 70 శాతం, ఒకటి 141 శాతం, ఏ4ని ఏ3 చేసే లెక్క అదే కాబట్టి షాపతనికి ఆ నంబర్ నోటికి వచ్చి ఉంటది. పైగా ఒక బ్లాక్ అండ్ వైట్ కాపీ కూడా. అమెరికాలో రోమేర్ బేర్డెన్ అనే చిత్రకారుడు 1964లో చేసిన ప్రొజెక్షన్స్ అనే బొమ్మలు ఇలాంటి పద్ధతిలోనే వచ్చాయి, పత్రికల్లోంచి కోసిన ముక్కలతో చిన్న కొల్లాజ్‌లు చేసి వాటిని ఫోటోస్టాట్‌లో బ్లాక్ అండ్ వైట్‌గా పెద్దవి చేయించాడు, వేరువేరు చోట్ల నుంచి వచ్చిన ముక్కలన్నీ ఒకే నలుపులోకి దిగి ఒక కుటుంబంలా కలిసిపోయాయి. మీ ముక్కలు ఒకదానితో ఒకటి పొసగకపోతే మొత్తం జిరాక్స్ చేసి, ఆ కాపీనే పునాదిగా పెట్టి, దాని మీద రెండు మూడు రంగు ముక్కలు అంటించి చూడండి.

6. కోయడం

కావాల్సినవి: 9 మిల్లీమీటర్ల స్నాప్ కట్టర్, చిన్న కత్తెర, స్టీల్ స్కేలు, కటింగ్ మ్యాట్. ప్లాస్టిక్ స్కేలు వాడితే బ్లేడు స్కేలునీ కోస్తది, తర్వాత మీ వేలినీ. మ్యాట్ లేకపోతే పాత అట్ట సరిపోద్ది, కాకపోతే పాత గాట్లలో బ్లేడు జారుద్ది కాబట్టి తరచూ మార్చండి. బ్లేడు మొన విరవడానికి పిసినారితనం వద్దు, మొద్దు బ్లేడు కాగితాన్ని కోయదు, లాగి చింపుద్ది.

ముందు ఫోటో చుట్టూ వేలెడు వదిలి మొరటుగా కోసి విడదీయండి. తర్వాత లోపలి ఖాళీలు, అంటే నడుముకీ చేతికీ మధ్య సందు, బుట్ట పిడి లోపల, ఇవి కట్టర్‌తో తీసేయండి. బయటి అంచు చివర్లో కోయండి, ముందే కోసేస్తే కాగితం పట్టుకోవడానికి ఏమీ మిగలదు. కత్తెర కదపొద్దు, ఎడమ చేత్తో కాగితాన్ని తిప్పండి, గీత నున్నగా వస్తది. కట్టర్ మొన బొమ్మ కిందకి వెళ్ళేట్టు పిడిని కాస్త బయటికి వాల్చి కోస్తే తెల్ల అంచు కిందకి పోద్ది. ఇంకా తెల్లగా కనపడితే ఆ అంచు మీద బూడిదరంగు పెన్సిల్ పక్కగా ఒకసారి లాగండి. జుట్టు దగ్గర వెంట్రుక వెంట్రుకా కోయాలని చూడకండి, జుట్టు ఆకారం ఎలా ఉందో చూసి ధైర్యంగా ఒక్క గీతలో కోసేయండి.

అన్నీ కోయాల్సిన పని లేదు, కొన్ని చింపండి. చింపితే ఒక ముక్కకి తెల్ల అంచు వస్తది, రెండో ముక్కకి రాదు, ఏ చేతిని మీ వైపు లాగితే ఎటు వస్తుందో పాత పేపర్ మీద చూసుకుని తర్వాత అసలు దాని మీద చేయండి. మనుషుల్ని కోసి, గోడలనీ నేలనీ చింపడం నాకు ఇష్టం. రెండు రకాల అంచులు పక్కపక్కన ఉంటే బొమ్మకి లోతు వస్తది.

7. పేర్చడం, అంటించకుండా

ఫ్యాన్ ఆపేయండి. ఉక్కపోత భరించాల్సిందే, లేదంటే ముక్కల మీద రూపాయి బిళ్ళలు పెట్టుకోండి.

ముందు నేల, గోడ. తర్వాత పెద్ద ఆకారం, మన ఉదాహరణలో పూలగుట్ట. ఆ తర్వాతే మనుషులు. ఇక్కడ సైజులతో ఆడండి, మూడు సైజుల ప్రింట్లు తీయించింది అందుకే. బెర్లిన్‌లో హన్నా హోఖ్ అనే చిత్రకారిణి మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి ఏళ్ళలో చేసిన ఫోటో కొల్లాజ్‌లలో పెద్ద తల చిన్న ఒంటి మీద కూర్చుంటది, యంత్రం చక్రాలు మనుషులకంటే పెద్దగా ఉంటాయి. ఆవిడ ఉల్‌స్టైన్ అనే పత్రికల సంస్థలో అల్లికల డిజైన్లు గీసే ఉద్యోగం చేసేది, పొట్టకూటి పనిలో చేతికొచ్చిన పత్రికల్నే కోసి వాడింది. మనకి దగ్గర్లో చూడాలంటే చిత్రకారుడు సి.కె. రాజన్ 1990ల్లో హైదరాబాద్‌లో ఉంటూ పత్రికల్లోని బొమ్మలతో చేసిన మైల్డ్ టెర్రర్స్ అనే చిన్న కొల్లాజ్‌లు ఉన్నాయి, ఒక్కోదాంట్లో కొద్ది ముక్కలే, సైజు మాత్రం తలకిందులు, అంతే, చూసినవాడు ఆగిపోతాడు. కోసినవన్నీ వాడాలన్న రూలేమీ లేదు. పది కోస్తే మూడు వాడటం మామూలే, మిగతావి కవర్‌లో దాచుకోండి.

మొహం ఫోటోదే కావాలి, ఒళ్ళు మాత్రం రంగుకాగితంతో చేస్తానంటారా, అది పాత పద్ధతే. రాజస్థాన్ నాథ్‌ద్వారాలో శ్రీనాథ్‌జీ పక్కన భక్తులు చేతులు జోడించి నిలబడ్డట్టు వేసే మనోరథ్ చిత్రాల్లో చాలావాటికి భక్తుల మొహాలు ఫోటోల్లోంచి కోసి అంటించి, బట్టలూ గుడీ రంగులతో వేసేవాళ్ళు, మొహం అంచు మీదకి కూడా కాస్త రంగు పాకించేవాళ్ళు. మీరు కూడా మెడ దగ్గర అతుకు కనపడకుండా దండో పైటో అడ్డం పెట్టొచ్చు, లేదా అతుకు కనపడనిచ్చి అదే అందమనుకోవచ్చు, మధ్యలో సగం దాచి సగం వదిలితే మాత్రం అజాగ్రత్తలా ఉంటది.

ప్రతి మార్పుకీ ఫోన్‌తో పైనుంచి ఒక ఫోటో తీసుకోండి. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, మొత్తం ఒకే బూడిద రంగులో కలిసిపోతే కంటికి పట్టు దొరకదు, ఎక్కడో ఒకచోట గట్టి నలుపు, ఒకచోట ఖాళీ తెలుపు ఉండాలి. ఫోటోని తిరగేసి అద్దంలోలా కూడా చూడండి, ఒకవైపు బరువు ఎక్కువైతే అప్పుడు తెలుస్తది. ఆ రాత్రికి అలా వదిలేసి పొద్దున్నే చూసి అప్పుడు అంటించండి. ఈ ఒక్క రాత్రి ఆగడం చాలామందికి చేతకాదు.

కుదిరాక ఒక పెద్ద బటర్ పేపర్ ఏ3 షీట్ మీద పరిచి, పై అంచుని టేపుతో అతికించి, ప్రతి ముక్క అంచునీ పెన్సిల్‌తో గీసుకోండి. ముక్కల వెనక నంబర్లు వేయండి, అడుగున ఉన్నదానికి 1. ఇప్పుడు అన్నీ తీసేసినా, ఆ బటర్ పేపర్ దించి చూస్తే ఏది ఎక్కడో మిల్లీమీటర్ తేడా లేకుండా తెలుస్తది.

8. అంటించడం

పునాదిగా 300 జీఎస్ఎమ్ వాటర్‌కలర్ కాగితం గానీ మంచి మౌంట్ బోర్డ్ గానీ తీసుకోండి. స్కూల్ చార్ట్ వద్దు, తడికి అప్పడంలా లేచిపోద్ది.

జిగురుల సంగతి. గ్లూస్టిక్ తాత్కాలికం, రెండు వానాకాలాలు చూసేసరికి అంచులు లేస్తాయి. రబ్బర్ సొల్యూషన్ కాలక్రమేణా పసుపు మరకలేస్తది. ఫెవికాల్ మంచిదే, మూడు వంతుల ఫెవికాల్‌కి ఒక వంతు నీళ్ళు కలిపి వెడల్పు బ్రష్‌తో పల్చగా రాయండి, కాకపోతే ఒకసారి ఆరితే తిరిగి ఊడదు. మైదా జిగురుకి ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్ళు, చల్లగా ఉన్నప్పుడే ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద కలుపుతూ ఉంటే చిక్కబడి కాస్త అద్దంలా మారుద్ది, దించి పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఫ్రిజ్‌లో రెండు రోజులకంటే ఉంచొద్దు. మైదాకి సుగుణం ఏంటంటే తడిపితే ఊడొస్తది, తప్పు సరిచేసుకోవచ్చు, దోషం ఏంటంటే పురుగులకి కూడా అదే ఇష్టం. పోస్టర్లు అంటించేవాళ్ళు అందుకే మైలుతుత్తం కలుపుతారు, మీరు మాత్రం కలపకండి, అది విషం, పైగా కాగితాన్ని తినేస్తది. కోస్తా తేమలో ఉండేవాళ్ళకి నేను ఫెవికాలో, మ్యాట్ యాక్రిలిక్ మీడియమో (రంగు కలపని, మెరవని యాక్రిలిక్) చెప్తాను, రెండోది ఖరీదెక్కువ, కానీ అంటించడానికీ పైన పూత పూయడానికీ అదే సరిపోద్ది.

కాగితం తడిస్తే సాగుద్ది, అదీ ఒకవైపే ఎక్కువ. దానికి ఒక పోగు ఉంటది, పోగుకి అడ్డంగా సాగుద్ది. తెలుసుకోవాలంటే చిన్న ముక్క ఒకవైపు తడపండి, గొట్టంలా చుట్టుకుంటది, ఆ గొట్టం పొడుగు ఏ దిక్కున ఉంటే పోగు ఆ దిక్కున. పెద్ద ముక్కల పోగు, పునాది పోగు ఒకే దిక్కున పెడితే ముడతలు బాగా తగ్గుతాయి. పెద్ద ముక్కకి జిగురు రాశాక ఒక నిమిషం ఆగండి, సాగాల్సినంత సాగనిచ్చి అప్పుడు అంటించండి. వెంటనే అంటిస్తే అది బోర్డు మీద సాగి బుడగలొస్తాయి.

ముక్కని పాత పేపర్ మీద బోర్లా పెట్టి మధ్య నుంచి బయటికి బ్రష్ లాగండి, అంచులు దాటి పోనివ్వండి, ప్రతి ముక్కకీ పాత పేపర్ మార్చండి, లేకపోతే కింద జిగురు పైన బొమ్మకి అంటుద్ది. బటర్ పేపర్ గీతల ప్రకారం పెట్టి, మీద ఇంకో శుభ్రమైన బటర్ పేపర్ వేసి అప్పడాల కర్రతో మధ్య నుంచి అంచులకి నొక్కండి. పొరకీ పొరకీ మధ్య ఆరనివ్వండి. అంతా అయ్యాక బోర్డు వెనక కూడా అంతే మందం ఉన్న కాగితం ఒకటి అదే జిగురుతో అంటించండి. ముందువైపు కాగితం ఆరుతూ బోర్డుని లాగుద్ది, వెనకది అటు లాగుద్ది, రెండూ సమానమై బోర్డు తిన్నగా ఉంటది. ఇది మానేసినవాళ్ళ కొల్లాజ్‌లు ఫ్రేమ్‌లో కూడా వంగే ఉంటాయి. బటర్ పేపర్ల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు ఒక రాత్రి, వానాకాలమైతే రెండు రాత్రులు. తొందరపడి ఫ్యాన్ కింద పెడితే అంచులు ముందు ఆరి లేస్తాయి.

9. మీద చేసే పని

ఇక్కడ నుంచే దీన్ని మిక్స్‌డ్ మీడియా, అంటే రకరకాల సామాన్లు కలిపి చేసిన పని, అనొచ్చు. తెల్ల యాక్రిలిక్ పల్చగా చేసి వెనక గోడ మీద పూస్తే అది దూరం జరుగుద్ది, పూలావిడ ముందుకొస్తది. సూదితో ముందే చిల్లులు పెట్టి ఎర్రదారం కుట్టొచ్చు, పూలదండ కోసం నిజం దారమే బాగుంటది. లేజర్ ప్రింట్‌ని తిరగేసి జెల్ మీడియంతో (అదే యాక్రిలిక్ మీడియం, కాస్త చిక్కటిది) అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, తడిపి వేలితో కాగితాన్ని రుద్ది తీసేస్తే టోనర్ మాత్రం అక్కడ మిగులుద్ది, సగం చెరిగిన గోడ రాతలా ఉంటది. అక్షరాలు తిరగబడకుండా ఉండాలంటే ప్రింట్ ముందే అద్దంలోలా తిప్పి తీయించుకోండి.

ఆపడం ఎక్కడ అంటే, కొత్తగా పెట్టిన ముక్క మీ మొదటి వాక్యానికి ఏమీ కలపడం లేదనిపించిన చోట.

10. ఫోటో తీసి, ఫ్రేమ్ కట్టి, దాచడం

అయిపోయిన కొల్లాజ్‌ని గోడకి నిలబెట్టి రెండువైపులా 45 డిగ్రీల్లో ఒకే రకం లైట్లు పెట్టి తీస్తే మెరుపు పడదు. లైట్లు లేకపోతే ఎండ నేరుగా పడని కిటికీ పక్కన. ఫ్లాష్ వద్దు. అంచులు కనిపించేట్టు ఒకవైపు లైట్ కాస్త తగ్గించి ఇంకో ఫోటో తీసుకోండి, కాగితం పొరల నీడలు అందులోనే తెలుస్తాయి, చూసేవాళ్ళకి ఇది కంప్యూటర్‌లో చేసింది కాదని అర్థమయ్యేదీ ఆ ఫోటోతోనే.

ఫ్రేమ్ షాపులో మీరు చెప్పకపోతే హార్డ్‌బోర్డ్‌కి ఫెవికాల్ పూసి మీ పని మొత్తాన్ని అంటించేస్తారు, ముందే చెప్పండి. అద్దం బొమ్మకి ఆనకూడదు, మధ్యలో మౌంట్ గానీ సన్న పట్టీ గానీ ఉండాలి, లేకపోతే తేమకి టోనర్ అద్దానికి పట్టుకుంటది. వెనక నాలుగు మూలలా కార్క్ ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలాడుద్ది, బూజు రాదు. ఎండ తగిలే గోడ వద్దు.

అమ్మాలనుకుంటే ఒక సంగతి. పత్రికల్లో ఫోటోలు వేరేవాళ్ళవి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఒకప్పుడు ఫోటోకి హక్కు అది ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉండేది, 2012 సవరణ తర్వాత అది తీసినవాళ్ళ జీవితకాలం, ఆ పైన ఇంకో 60 ఏళ్ళు. ఇంట్లో గోడకి పెట్టుకుంటే ఎవరూ అడగరు, ప్రింట్లు తీసి అమ్మితే అడుగుతారు, సినిమావాళ్ళ మొహాలైతే ఇంకా తొందరగా అడుగుతారు. మీ ఫోటోలు మీరే తీసుకుంటే ఈ తలనొప్పి సగం తగ్గుద్ది.

బోర్డు వెనక పెన్సిల్‌తో పేరు, ఏడాది, ఏ జిగురు వాడారో, ఏ ప్రింట్లు లేజర్‌వో ఏవి ఇంక్‌జెట్‌వో రాసిపెట్టండి. బాల్‌పెన్ వద్దు, అచ్చు ముందువైపుకి దిగుద్ది.